జెట్టు అంతర్నిర్మాణము

అత్యధిక శక్తితో ఢీకొనిన ప్రోటానులవంటి కణములనుండి ఇంచుమించు ఒకే దిక్కునకు దూసుకొనివచ్చు కణముల గుంపునకు జెట్టు అని పేరు. ఆ గుంపును ఒక ముద్దగా లెక్కించి విడిచిపెట్టక, అందలి కణములు ఏ క్రమమున, ఏ కోణమున, ఎంతెంత శక్తిని పంచుకొని విడివడినవో పరీక్షించి, దానికి మూలమైన కణమేదియో నిర్ణయించు శాస్త్రభాగము జెట్టు అంతర్నిర్మాణ పరిశోధనము. తెలుగున ఈ శాస్త్రమునకు పరిభాష ఇంకను స్థిరపడలేదు. కావున జెట్టు, క్వార్కు, గ్లూవాను వంటి మాటలను వ్యవహారమున ఉన్నట్లే గ్రహించి, భావము తెలియుటకు వీలైనచోట్ల మాత్రమే మన పదములు ఇచ్చట వాడబడినవి.

మెదక్ జిల్లా రామాయంపేటలో, హైదరాబాదునుండి నాగపూరువైపు సాగు 44వ జాతీయ రహదారి ప్రక్కన చీకటిపడిన పిదప కొంతసేపు నిలిచిన వారికి ఈ శాస్త్రముయొక్క మూలసమస్య కన్నులయెదుటనే గోచరించును. దూరమున ఒక వెలుగు కనబడును. అది మోటారుసైకిలుదో లారీదో చెప్పుటకు వీలుండదు. ఏలయన లారీయొక్క రెండు దీపములును ఆ దూరమున ఒకే చుక్కగా కలిసిపోవును. బండి దగ్గరపడినకొలది ఆ చుక్క అడ్డముగా సాగును, నడుమ సన్నని చీకటిగీత తోచును, పిమ్మట దీపములు రెండును వేరుపడును. రోడ్డు దాటుటకు వేచియున్న మనుష్యుడు ఆ చీకటిగీతకొరకు ఆగడు. వెలుగు గుండ్రముగా ఉన్నదా, అడ్డముగా సాగినదా అని చూచి, వచ్చునది లారీయని ముందే పసిగట్టి వెనుకకు జరుగును. జెట్టును పరీక్షించువాడు చేయు పనియు ఇదియే. అయితే ఇచ్చట దీపములు ఒకటిగా కలియుటకు కారణము దూరము కాదు, వేగము.

ఈ పరిశోధనమునకు నేడు ప్రధానక్షేత్రము సెర్న్ సంస్థ జినీవా నగరమునకు చేరువను, స్విట్జర్లాండు ఫ్రాన్సు దేశముల సరిహద్దు క్రింద నడుపుచున్న లార్జ్ హాడ్రాన్ కొలైడరు. దాని సొరంగపు చుట్టుకొలత 27 కిలోమీటర్లు. రామాయంపేట కూడలిని కేంద్రముగా గొని అట్టి వలయమును గీచినచో అది అన్ని దిక్కులకును 4.3 కిలోమీటర్ల దూరమున పోవుచు, పట్టణమును దాని చుట్టునున్న చేలను తనలో ఇముడ్చుకొనును. ఆ వలయమున ఎదురెదురుగా తిరుగు ప్రోటానుల సంఘట్టనశక్తి 2010లో 7, 2015లో 13, 2022లో 13.6 టెరా ఎలక్ట్రాను వోల్టులకు చేరినది. ఈ శక్తివృద్ధియే అంతర్నిర్మాణ పరిశోధనమును అనివార్యము చేసినది.

జెట్టు పుట్టుక

క్వార్కులును, వానిని బంధించు గ్లూవానులును ఏకాకులుగా ఎన్నడును కనబడవు. విద్యుదావేశమువంటి మరియొక ఆవేశము వీనికి కలదు. దానికి 'వర్ణము' అని సంకేతము, కంటికి కనబడు రంగులతో సంబంధము లేదు. రెండు క్వార్కులు వేరుపడబోయినపుడు వాని నడుమనుండు బలము దూరముతో క్షీణింపక నిలిచియుండును గనుక, లాగినకొలది పెరిగిన శక్తి క్రొత్త క్వార్కు జంటలుగా మారి, తుదకు పయానులు, కేయానులు, ప్రోటానులు మొదలగు వర్ణరహిత కణములుగా పరిణమించును. పరికరములకు చిక్కునవి ఇవి మాత్రమే.

ఆ పరిణామమునకు ముందే మరియొక ముఖ్యవిషయము జరుగును. వేగముగా పోవు క్వార్కు దారిపొడవునను గ్లూవానులను వెదజల్లుచు పోవును. ఆ గ్లూవానులు తామును మరికొన్నింటిని వెదజల్లును. తక్కువ శక్తిగల గ్లూవాను వెలువడు అవకాశము ఎక్కువ, చిన్నకోణమున వెలువడు అవకాశమును ఎక్కువ. సంభావ్యత శక్తికిని కోణమునకును విలోమానుపాతమున ఉండును. కావున సామాన్యమైన జెట్టు చింతచెట్టువంటిది: బలమైన మ్రాను ఒకటి, దానినుండి సన్నని కొమ్మలు, కొమ్మలనుండి రెమ్మలు. దీనికి భిన్నముగా, డబ్ల్యు బోసాను వంటి భారకణము రెండు క్వార్కులుగా విచ్ఛిన్నమైనపుడు అవి రెండును ఇంచుమించు సమానమైన శక్తిని పంచుకొనును. ఆ జెట్టు రూపము పంగలకర్రను పోలియుండును. చెట్టునకును పంగలకర్రకును గల ఈ భేదమే తరువాతి విచారమంతటికిని పునాది.

క్వార్కునుండి గ్లూవాను వెలువడుటను నిర్ణయించు వర్ణగుణకము 4/3. గ్లూవానునుండి గ్లూవాను వెలువడుటకు అది 3. ఈ రెంటి నిష్పత్తి 9/4. ఇందువలన గ్లూవాను జెట్టులో కణములు హెచ్చు, అది మరింత వెడల్పుగను వ్యాపించును. అయినను ఈ రెండు జాతులను పరస్పరము వేరుచేయుట డబ్ల్యు జెట్టును గుర్తించుటకంటె ఎంతయో కష్టము. రెండును చింతచెట్లే, ఒకటి కొంచెము గుబురైనది.

చరిత్ర

జెట్టు అను పేరు కొలైడరులకంటె పాతది. 1950 ప్రాంతమున విశ్వకిరణములను ఛాయాచిత్ర ఎమల్షను పలకలపై పట్టి, సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించిన భౌతికవేత్తలు ఒకే బిందువునుండి ముందునకు కుచ్చువలె సాగు గీతల గుంపులకు ఆ పేరు పెట్టిరి. ఈ పూర్వచరిత్రతో తెలంగాణమునకు సంబంధము కలదు. భూమధ్యరేఖకు దగ్గరనుండుటచే అల్పశక్తి విశ్వకిరణములను భూమి అయస్కాంతక్షేత్రము అడ్డగించు ప్రదేశమని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదును ఎంచుకొని, ఎమల్షను దొంతరలను బెలూనులకు గట్టి ఇచ్చటినుండి ఆకాశమునకు పంపిరి. 1969నాటికి అచ్చట స్థిరమైన బెలూను కేంద్రమును నెలకొల్పిరి. నేటికిని ఆ కేంద్రమునుండి బెలూను ఎగురు ఋతువున, పారాచూటుతో దిగివచ్చు పెట్టెలను తెరువక పోలీసులకుగాని తపాలా కార్యాలయమునకుగాని తెలుపుడని మెదక్ మొదలైన జిల్లాల ప్రజలకు పత్రికాప్రకటనలు వెలువడుచుండును. చేనిలో పడిన ఆ పెట్టెను రైతు ముట్టక కాపాడుట శాస్త్రమునకు చేసిన సేవయే.

క్వార్కు జెట్టుల తొలి నిదర్శనము 1975లో అమెరికాయందు స్టాన్‌ఫర్డులోని స్పియరు యంత్రమున, ఎలక్ట్రాను పాజిట్రాను సంఘట్టనములలో రెండు జెట్టుల రూపమున లభించినది. 1979లో జర్మనీయందు హాంబర్గు నగరపు పెట్రా యంత్రమున మూడు జెట్టుల సంఘటనలు కనబడి గ్లూవాను ఉనికిని చాటినవి. నడుమ 1977లో స్టెర్మన్, వైన్‌బర్గు అను సిద్ధాంతవేత్తలు జెట్టును ఎట్లు నిర్వచించినచో గణనము అనంతములకు లోనుగాక నిలుచునో చూపిరి. అత్యల్పశక్తిగల కణమొకటి చేరినను, ఒక కణము ఒకే దిక్కున రెండుగా చీలినను జెట్టు మారరాదు అనునదే వారి సూత్రసారము. తరువాత పుట్టిన ప్రతి పద్ధతికిని ఇదియే గీటురాయి.

కణములను జెట్టుగా చేర్చుట

పరికరమున వందలకొలది కణములు కనబడినపుడు ఏవి ఏ జెట్టునకు చెందునో ఎట్లు నిర్ణయింపవలెను? నేడు వాడుకలోనున్న పద్ధతులలో ప్రతి రెండు కణముల నడుమను ఒక 'దూరము' లెక్కగట్టి, అన్నిటికంటె దగ్గరి జంటను ఒకటిగా కలిపి, మరల లెక్కగట్టి, నియతమైన వ్యాసార్ధము వచ్చువరకు ఇట్లే సాగుదురు. దూరమును లెక్కించు తీరునుబట్టి పద్ధతి మారును. కె.టి. పద్ధతి బలహీనకణములను ముందుగా కలుపును. కేంబ్రిడ్జి-ఆకెన్ పద్ధతి శక్తిని గణింపక కోణమును మాత్రమే చూచును. కచ్చారి, సలాము, సోయే అనువారు 2008లో ప్రకటించిన యాంటి-కె.టి. పద్ధతి బలమైన కణము చుట్టును మిగిలినవానిని చేర్చుచు, గీచినట్లున్న గుండ్రని జెట్టులనిచ్చును. అంచులు చక్కగా నుండుటచే ప్రయోగశాలలు సాధారణ జెట్టులకు ఈ కడపటి పద్ధతినే వాడును.

కాని లోపలి కథ తెలుసుకొనుటకు యాంటి-కె.టి. కూర్పుక్రమము పనికిరాదు, అది చెట్టును కొమ్మలవెంట గాక మ్రాను చుట్టును చేర్చినది. అందుచే జెట్టును యాంటి-కె.టి.తో ఏరి, అందలి కణములనే తీసి కేంబ్రిడ్జి-ఆకెన్ పద్ధతితో మరల కూర్చి, పిమ్మట ఆ కూర్పును తుదినుండి మొదటికి విప్పుదురు. తాడును పేనిన క్రమమునకు విలోమముగా విప్పినచో మొదట పెద్దపురులు, పిదప చిన్నపురులు బయటపడునట్లు, ఇచ్చటను మొదట పెద్దకోణపు చీలికలు, పిదప చిన్నకోణపువి బయటపడును.

ఒక లెక్క

భారకణము వేగముగా పోవుచున్నపుడు దాని విచ్ఛిన్నఫలములు రెంటి నడుమ కోణము, ఇంచుమించు, దాని ద్రవ్యరాశికి రెట్టింపును అడ్డపు ద్రవ్యవేగముచే (అనగా ప్రోటానుల దారికి అడ్డముగా నుండు ద్రవ్యవేగముచే) భాగింపగా వచ్చునంత. డబ్ల్యు ద్రవ్యరాశి 80.4 గిగా ఎలక్ట్రాను వోల్టులు. దాని అడ్డపు ద్రవ్యవేగము అదే ప్రమాణమున 200 అయినచో కోణము 0.8, 400 అయినచో 0.4; 800 అయినచో 0.2. అదే కోణపు కొలతలో సాధారణ జెట్టు వ్యాసార్ధము 0.4 గనుక, 400 దాటిన పిదప రెండు క్వార్కులును ఒకే జెట్టులో పడిపోవుట తప్పదు. అట్టి వానిని పట్టుటకై ఆ కొలైడరునందలి సీఎంఎస్ ప్రయోగమువారు 0.8, అట్లాస్ ప్రయోగమువారు 1.0 వ్యాసార్ధముగల పెద్ద జెట్టులను వాడుదురు.

ఇప్పుడు 400 ద్రవ్యవేగముగల జెట్టును విప్పగా, 0.4 కోణమున వేరుపడిన 200, 200 ముక్కలు రెండు కనబడినవనుకొందము. జెట్టు ద్రవ్యరాశి వర్గము, రెండు ముక్కల వంతుల లబ్ధమును, మొత్తము ద్రవ్యవేగపు వర్గమును, కోణపు వర్గమును గుణించినంత. అనగా 0.25, 1,60,000, 0.16 వీని లబ్ధము 6,400, వర్గమూలము 80. డబ్ల్యు పట్టుబడినది. అదే కోణమున ముక్కలు 380, 20 అయినచో ద్రవ్యరాశి 35 మాత్రమే. ఇట్లు అసమానముగా చీలిన సామాన్యజెట్టు 80 అనిపించుకొనవలెనన్నచో ఆ 20 గల ముక్క 0.9 దూరమునకు పోవలెను. అటులు పోవుటయు కలదు. అందుచేతనే ద్రవ్యరాశి యొక్కటే చాలక, వంతుల సమానతను గూడ విచారింపవలసివచ్చినది.

తూర్పారబట్టుట

కొలైడరులో 25 నానోసెకండ్లకొకమారు ప్రోటాను గుత్తులు ఎదురుపడును. ఒక్కొక్క ఎదురుపాటున పదులకొలది సంఘట్టనములు జరుగును; మనకు కావలసినది వానిలో ఒకటి. మిగిలినవానినుండి వచ్చిన అల్పశక్తి కణములు జెట్టుమీద దుమ్మువలె చల్లుకొనును. ఈ దుమ్ము ద్రవ్యవేగమును కొలదిగనే పెంచును గాని, జెట్టు ద్రవ్యరాశి వర్గమును వ్యాసార్ధపు నాలుగవ ఘాతమునుబట్టి పెంచును. వ్యాసార్ధము 0.4 నుండి 0.8కి పెరిగినచో ఆ చెరుపు 16 రెట్లగును. పెద్ద జెట్టులను శుభ్రముచేయక వాడుట అసాధ్యమనుటకు ఇదియే హేతువు.

శుభ్రముచేయు పద్ధతులకు ఆదిగ్రంథమనదగినది బటర్‌వర్తు, డేవిసన్, రూబిన్, సలాము అను నలుగురు 2008లో ప్రకటించిన చిన్నవ్యాసము. హిగ్సు బోసాను విచ్ఛిన్నములలో 58 శాతము బాటం క్వార్కు జంటలే. అయినను సామాన్యజెట్టుల వెల్లువలో ఆ జంటలను పట్టుట దాదాపు వ్యర్థప్రయత్నమని అంతవరకు తలచుచుండిరి. డబ్ల్యు బోసానుతోగాని జడ్ బోసానుతోగాని కలిసి పుట్టి, 200కు మించిన ద్రవ్యవేగముతో పోవు హిగ్సులు మొత్తములో సుమారు 5 శాతమే అయినను, వానిని మాత్రమే గ్రహించి మిగిలిన 95 శాతమును విడిచిపెట్టుటయే లాభమని వీరు చూపిరి. ఎక్కువ ధాన్యము ఉన్న కుప్పకంటె తాలు తక్కువ ఉన్న కుప్ప మేలని ఎన్నుకొనిన ఈ తెగువ ఈ శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. వారి పద్ధతి ఇది: 1.2 వ్యాసార్ధముగల జెట్టును విప్పుచు పోవలెను. చీలిన రెంటిలో బరువైనదాని ద్రవ్యరాశి మొత్తములో మూడింట రెండువంతులకు మించక, చీలిక మరీ అసమానము గాక ఉన్నచో అచ్చట ఆగవలెను. లేనిచో తేలిక ముక్కను పారవేసి ముందునకు సాగవలెను. ఆగినచోట 0.3కు మించని వ్యాసార్ధముగల చిన్న జెట్టులుగా మరల కూర్చి, బలమైన మూడింటిని మాత్రమే ఉంచవలెను. రెండు బాటం క్వార్కులకు రెండు, అవి వెదజల్లిన గ్లూవానుకు ఒకటి.

తరువాత కొలది కాలములోనే ఇట్టి పద్ధతులు పలురకములు వచ్చినవి. వానిలో క్రాను, థేలరు, వాంగులు చూపిన కత్తిరింపు పద్ధతియందు జెట్టును 0.2 వంటి వ్యాసార్ధముగల చిన్న ముక్కలుగా కోసి, మొత్తములో 5 శాతమునకు తక్కువైన ముక్కలను తీసివేయుదురు. అట్లాస్ ప్రయోగమువారు దీనిని చిరకాలము వాడిరి. అన్నిటిని కూర్చి మొదటిమారు గణితముతో తూచి చూచినవారు దాస్‌గుప్త, ఫ్రెగోసో, మార్జాని, సలాములు (2013). కొన్ని పద్ధతులు సామాన్యజెట్టుల ద్రవ్యరాశి వక్రమునందు తామే కృత్రిమమైన మెలికలను కల్పించుచున్నవని వారు బయటపెట్టిరి. క్రొత్తకణమును వెదకువానికి అట్టి మెలిక ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. లార్కోస్కీ, మార్జాని, సోయే, థేలరులు 2014లో రూపొందించిన 'సాఫ్ట్‌డ్రాప్' పద్ధతి ఈ విమర్శఫలము. విప్పుచు పోవునపుడు చిన్నముక్క వంతు 10 శాతమునకు తక్కువైనచో పారవేయుట, ఎక్కువైనచో ఆగుట; సీఎంఎస్ వాడు రూపమున ఇంతకంటె వేరు లేదు.

మెదక్ ప్రాంతపు కళ్లాలలో వడ్లు తూర్పారబట్టువారు గాలి వీచువేళ నిలిచి చేట నెత్తి ధాన్యమును జారవిడుతురు. గట్టిగింజ పాదములకడనే కుప్పపడును, తాలు, పొట్టు దూరముగా పోవును. గాలి మందమైనచో పొట్టు మిగులును. మిక్కుటమైనచో సన్నగింజయు ఎగిరిపోవును. ఆ 10 శాతము అను హద్దును నిర్ణయించుటలో శాస్త్రజ్ఞులు ఎదుర్కొను చిక్కు ఇదియే.

ఆకారమును కొలుచుట

ద్రవ్యరాశి తెలిసిన పిదప, జెట్టులో ఎన్ని పంగలున్నవో కొలుచుటకు కొన్ని రాశులు కల్పింపబడినవి. థేలరు, వాన్ టిల్‌బర్గుల రాశి విరివిగా వాడుకలో నున్నది: జెట్టులో ఒక అక్షమును నిలిపి కణములు దానినుండి ఎంత దూరముగా చెదరినవో శక్తిననుసరించి కూడుదురు, పిమ్మట రెండక్షములను నిలిపి అట్లే కూడుదురు. రెండవ మొత్తము మొదటిదానికంటె మిక్కిలి తగ్గినచో జెట్టు పంగలకర్ర. అంతగా తగ్గనిచో చింతచెట్టు. టాపు క్వార్కు బాటం క్వార్కుగను డబ్ల్యుగను విడివడి మూడు పంగలనిచ్చును గనుక దానికి మూడక్షములు. అక్షములను నిలుపకయే, జంటలుగను త్రయములుగను కణముల శక్తులను కోణములను గుణించి ఈ భేదమును రాబట్టు రాశులును కలవు.

ఈ సాధనముల బలమునకు దృష్టాంతము సీఎంఎస్ ప్రయోగమువారు 2018లో ప్రకటించిన ఫలితము. 450కు మించిన ద్రవ్యవేగముగల ఒంటి జెట్టులను ఏరి, సాఫ్ట్‌డ్రాప్‌తో శుభ్రపరచి, బాటం క్వార్కుల గురుతులను చూడగా, జడ్ బోసాను బాటం జంటగా విచ్ఛిన్నమగుట 5.1 ప్రామాణిక విచలనముల నిశ్చయముతో కనబడినది. ఒంటి జెట్టులో ఆ విచ్ఛిన్నమును ఇంత స్పష్టముగా చూచుట అదియే ప్రథమము. అదే వక్రముమీద హిగ్సు జాడ 1.5 విచలనముల మేర మాత్రమే తోచినది. హిగ్సు బాటం జంటగా విచ్ఛిన్నమగునని ఆ సంవత్సరమే సీఎంఎస్, అట్లాస్‌లు నిర్ధారించినను, ఆ నిర్ధారణకు ఆధారములు పలుమార్గములనుండి చేరినవి. ఒంటి జెట్టుకే ఆ గౌరవమంతయు అంటగట్టరాదు.

క్రొత్తకణముల వేటకే గాక, ప్రకృతి తన నియమములను ఎట్లు పాటించునో చూచుటకును ఈ విద్య తోడ్పడినది. బరువైన క్వార్కు తన ప్రయాణదిశకు మిక్కిలి దగ్గరగా, అనగా ద్రవ్యరాశిని శక్తిచే భాగింపగా వచ్చు కోణములోపల, గ్లూవానులను వెదజల్లజాలదని సిద్ధాంతము చెప్పుచుండెను. ఆ శూన్యప్రదేశమునకు మృతశంకువు అని పేరు. చార్మ్ క్వార్కు జెట్టులను పురివిప్పినట్లు విప్పి, ప్రతి చీలికను పరీక్షించి, ఆ శూన్యమును 2022లో నేరుగా చూపినవారు అదే కొలైడరునందలి ఆలిస్ ప్రయోగమువారు. పంగలకర్రల కొరకు పుట్టిన సాధనము చింతచెట్టు స్వభావమునే తెలుపుటకు ఇట్లు వినియోగపడినది.

ఇటీవల జెట్టులోని కణములన్నిటిని నేరుగా యంత్రాభ్యాస పద్ధతులకు అందించి నిర్ణయమును గణకయంత్రమునకే విడుచుట పరిపాటియైనది. గుర్తించు సామర్థ్యము నిజముగనే పెరిగినది. అయినను, యంత్రము దేనిని చూచి అట్లు నిర్ణయించినదో చెప్పలేనప్పుడు, ఆ నిర్ణయమందలి దోషపరిమాణమును అంచనా వేయుట దుష్కరము. కావున శుభ్రపరచు పద్ధతులును ఆకారరాశులును నేర్వక తిన్నగా యంత్రాభ్యాసమునకు పోవు విద్యార్థి మెట్లెక్కక మేడ చేరగోరినవాడని ఈ రచయిత అభిప్రాయము.

తెలుగునాట

2016 వరకు మెదక్ జిల్లాలో భాగమై, నేడు సంగారెడ్డి జిల్లాకు చెందిన కందిలో నెలకొనిన హైదరాబాదు ఐఐటీయందు కొలైడరు భౌతికశాస్త్ర సిద్ధాంతపరిశోధన జరుగుచున్నది. జపానుయందలి బెల్-2 ప్రయోగమునను ఆ సంస్థకు భాగము కలదు. అమరావతి ప్రాంతమున ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయమునందు బాటం జెట్టులను కూర్చు పద్ధతులపై కృషి సాగుచున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయము సీఎంఎస్ సహకారసంఘమున సభ్యురాలు. అచ్చటి ఎలక్ట్రానిక్సు పరిశోధకుల పని ట్రిగ్గరునకు సంబంధించినది. ట్రిగ్గరనగా కావలిగుమ్మము. సెకనుకు నాలుగు కోట్ల ఎదురుపాటులలో లక్షకు మించక నిలుపుకొనునట్లు ప్రథమస్థాయి ట్రిగ్గరు నాలుగు మైక్రోసెకండ్ల లోపల తీర్పు చెప్పవలెను. అచ్చట పారవేసిన జెట్టును పిదప ఎంతటి సిద్ధాంతియు తిరిగి తేలేడు. కొలైడరుయొక్క రానున్న అధికతీవ్రత దశలో ఈ వ్యవధి 12.5 మైక్రోసెకండ్లకును, నిలుపుకొను సంఖ్య సెకనుకు ఏడున్నర లక్షలకును పెరుగనున్నవి. కణముల జాడలు గూడ ఆ గుమ్మమువద్దనే అందునట్లు పరికరములు సిద్ధమగుచున్నవి. ఇంతవరకు జెట్టు నిలిచిన పిదపనే చేయుచున్న విప్పుడు, తూర్పారబట్టుడు వంటి పనులలో కొన్నింటిని ఆ క్షణమాత్రమున, సిలికాను పలకమీదనే చేయింప వీలగునా యనునది ఇప్పుడు ఇంజనీర్లయెదుట నున్న ప్రశ్న.